మూడో వరుస, ఫ్యాను కింద

సర్దార్ సాబ్ పోయిన రోజు భూపాలపల్లి మొత్తం బంద్ పాటించింది. నేను లింగాల ఘనపూర్ నుంచి బస్సులు మారి అక్కడ దిగేసరికి ఒక్క దుకాణమూ తెరిచి లేదు. జనాజా వెనక జనం భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. రోడ్డు పొడుగునా తెల్లటోపీలే.

ఇంటికి తిరిగొచ్చి మా ఆవిడకు ఇలాగే చెప్పాను. ఆమె చేటలో కందులు చెరుగుతూ, తలెత్తకుండా, "ఊరంత బందుంటె గా మిర్చిబజ్జీల పొట్లం ఏడ కొన్నవ్?" అని అడిగింది.

సరే. మసీదు గల్లీలో మూసినవి రెండు కొట్లు. ఒకటి ఆయన బామ్మర్దిది. రెండోది తెరిచి ఏడాది దాటిందట. జనాజా వెనక నడిచినవాళ్లు ఒక మోస్తరు పెళ్లికి వచ్చేంతమంది. నేను మనుషులను పెంచి చెబుతాను, అది నా జబ్బు. మిగతావాళ్లను పెంచితే వాళ్లు కాస్త బాగుపడతారు. ఈయన్ని మాత్రం పెంచిన ప్రతిసారీ మనిషి తగ్గిపోతాడు. అందుకే ఈ రాసేదాంట్లో ఎక్కడైనా చెయ్యి జారితే వెంటనే వెనక్కి తీసుకుంటాను. ఆరడుగుల మనిషి, గంభీరమైన గొంతు అని మొదలుపెట్టబోయాను. నాకన్నా జానెడు పొట్టి. గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది.

బొగ్గుబాయిలో సర్దార్ అంటే తలపాగా చుట్టినవాడు కాదు. షిఫ్టులో ఒక గుంపు కార్మికులకు పెద్ద. ఈయన గుంపులో నేనొకణ్ని. భూమి లోపలికి దిగాక పని జరిగే చోటికి ముందు ఆయన ఒక్కడే వెళ్లాలి. కర్రతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా పలికితే మమ్మల్ని రమ్మంటాడు, డొల్లగా పలికితే అక్కడే ఆపేస్తాడు. షిఫ్టు అయ్యాక మేమంతా వెనక్కి మళ్లితే గాని ఆయన మళ్లడు. ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయనకు మాత్రం ఆ కర్ర బయటికొచ్చినా చేతినుంచి దిగలేదు.

మొదటిసారి మా క్వార్టరుకు వచ్చినప్పుడు చెప్పులు విడిచి, కూర్చోకుండా, గొడుగు కొసతో మా వంటింటి దూలాన్ని టకటకా తట్టాడు. మా అమ్మ బెదిరింది.

"ఏంది నాయినా, బల్లి గిట్ల ఉన్నదా?"

"లేదవ్వా, అలవాటు."

"మంచిగున్నదా మరి?"

"నీ ఇల్లు నీకన్న గట్టిగున్నదవ్వా."

మా అమ్మ ఆ మాటకు కొన్నాళ్లు మురిసింది. తర్వాత అసలు అర్థం తట్టి, "అంటె నేను గట్టిగ లేననా వాని మాట?" అని ఇంకొన్నాళ్లు తిట్టింది.

ఆయన సొంతూరు మహబూబాబాద్ పక్కన. మా అందరిలాగే ఆ ఊరిని మానుకోట అనేవాడు. మా కాలనీలో చిన్న మసీదు ఉండేది. అక్కడి ఇమామ్ ఊళ్లో లేనప్పుడు నమాజ్ చేయించమని ఈయన్ని ముందుకు నెట్టేవారు. ఈయన ఇంకొకరిని నెట్టడానికి చూసేవాడు. ఆ నెట్టుకోవడం మసీదు ఎదురుగా ఉన్న టీ హోటల్లో కూర్చున్న మాకు కూడా కనిపించేది. చివరికి ఈయనే నిలబడేవాడు, అందరికీ వీపు చూపించి. బాయిలో కూడా నాకు ఆ వీపే గుర్తు. క్యాప్ లైటు వెలుగులో చెమట మరకతో ముందు నడిచే వీపు. ముఖం కన్నా వీపు ఎక్కువ గుర్తున్న మనిషి నాకు ఆయన ఒక్కడే.

ఒకసారి ఆ సంగతే అడిగాను. "సాబ్, ముందట నిలవడితె ఎట్లుంటది?"

"ఏముంటది భాయ్. ముందటోనికి ఎనుకున్నోళ్లు కనవడరు. ఎనుకున్నోళ్లకు ముందట ఏమున్నదో కనవడదు. గా నడిమిట్ల ఉన్నదే అమానత్."

అమానత్ అంటే మనకు అప్పగించి పోయిన వస్తువు. మనది కాదు, తిరిగి ఇవ్వాల్సింది. మా ఊరి పక్క కూడా ఆ మాట వాడతాం, కానీ నేను దాన్ని గిన్నెలకూ నగలకూ వాడడమే విన్నాను. మనుషుల నమ్మకానికి వాడడం ఆయన దగ్గరే విన్నాను.

పొగిడితే ఆయనకు ఒళ్లు మండేది. నాకేమో పొగడకపోతే నోరు దురద. టీ హోటల్లో ఒకనాడు నలుగురి ముందు అన్నాను, "నీ అసొంటి ఈమాన్‌దారు వరంగల్ జిల్లాల లేడు సాబ్." అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, "గిండ్ల నాదేమున్నది? పుట్టించేటప్పుడే అల్లా ప్రతి మనిషిల పెట్టి పంపుతడు ఫిత్రత్" అని, మొహం ముడుచుకుని లేచి వెళ్లిపోయాడు.

నాకు ఆ మాట తెలియదు. నాకు వినబడింది పితూరీ. ఒకరి మీద ఒకరికి చాడీలు మోస్తామే, ఆ పితూరీ. చూశారా, ఎంత పెద్దమాట అన్నాడు, ప్రతి మనిషికీ చాడీలు చెప్పే గుణం దేవుడే పెట్టి పంపాడట! సాయంత్రానికి ఈ సంగతి కాలనీ అంతా చెప్పి వచ్చాను. అంటే నాలుగు ఇళ్లకు. అందులో నల్లా దగ్గర కొట్లాడుకుని మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్ల ఇళ్లు ఉన్నాయి. మర్నాడు ఆ ఇద్దరూ కలిసి ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు. "మమ్ముల పితూరీలోళ్లు అన్నవట?" అని.

ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"భాయ్, నేనన్నది ఏంది, నువ్వు మోసింది ఏంది?"

"నువ్వే గద సాబ్ అన్నవ్, పుట్టుకతోనే పితూరీ అని."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఫిత్రత్ భాయ్, ఫిత్రత్! మనిషిని చేసినప్పుడే లోపల పెట్టిన గుణం. ఏది మంచో ఏది చెడో లోపల్నే ఎరుక. పసిపోరని జూడు. చేతుల ఉన్నది తెరిచి సూపిస్తడు. పిడికిలి మూసుడు మనం నేర్పిస్తం."

"మరి నా పితూరీ?"

"గది నువ్వు తర్వాత నేర్సుకున్నదే. అల్లా మీదికి నూకకు."

తర్వాత ఇంకో మాట చేర్చాడు. లోపల ఉన్నది మనం సంపాదించింది కాదు కాబట్టి దానికి మెచ్చుకోలు లేదు, పాడు చేస్తే మాత్రం జవాబు చెప్పాలి అని. నేను ఆ రోజు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బాయిలో బతికినవాణ్ని, మనిషి మంచితనం కన్నా పైకప్పు మంచితనం ముఖ్యం నాకు.

తర్వాతి రంజాన్ పండుగ నాడు ఈద్గా మైదానంలో ఐదువేలమంది ఉన్నారు. లేరు. మైదానం చిన్నది, సగం ఖాళీ. మేము హిందువులం కొందరం కంచె ఇవతల నిలబడ్డాం, నమాజ్ కాగానే అలయ్‌బలయ్ చేసుకోవాలని. ఇమామ్ సొంతూరికి పోయాడు. ఈయన ముందు నిలబడ్డాడు. సరిగ్గా వెనక, మొదటి వరుసలో, ఆయన బామ్మర్ది.

ఆ బామ్మర్ది గురించి చెప్పాలి. ఆయన భార్యకు తమ్ముడు. భారీ మనిషి, ఇస్త్రీ మడత నలగని కుర్తా, పది అడుగుల అవతలి నుంచే అత్తరు వాసన. ఆ మధ్యాహ్నం మసీదుకు కొత్త సదర్‌ను ఎన్నుకోవాలి. సదర్ అంటే మసీదు బాగోగులు చూసే పెద్ద. బామ్మర్ది తనకు కావాలని అందరినీ అడుగుతున్నాడు. సర్దార్ సాబ్ అడగలేదు. అడిగినవాడికి పదవి ఇవ్వకూడదని తమ దీన్‌లో, అంటే ధర్మంలో, ఉందని మాత్రం ఒకసారి నాతో అన్నాడు. సగం మంది ఆయన కావాలంటున్నారు.

నమాజ్ మధ్యలో ఈయన హఠాత్తుగా ఆగాడు. కుడిచేత్తో ముక్కు పట్టుకున్నాడు. ఎడమచేత్తో వెనకున్న బామ్మర్ది చేయి పట్టి తన చోటికి లాగి నిలబెట్టాడు. ముక్కు పట్టుకునే వరుసల మధ్య నుంచి బయటికి నడిచాడు. నా పక్కవాడు, "అయ్యో, ఎవడో గాలి ఇడిసిండు, ఇమామే పారిపోతుండు" అన్నాడు. మేము కంచె పట్టుకుని నవ్వాం. ఆయన నల్లా దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, తడి చేతులతో వచ్చి, చెప్పుల కుప్ప పక్కన ఆఖరి వరుసలో నిలబడ్డాడు. బామ్మర్ది నమాజ్ ముగించాడు.

మధ్యాహ్నం మసీదు ఆవరణలో అందరూ కూర్చున్నారు. నేను ప్రహరీ మీద. ఒక పెద్దాయన అడిగాడు, "సాబ్, పొద్దుగాల ముక్కుల కెళ్లి నెత్తురొచ్చిందా?" ఆయన తరఫువాళ్లు అవును అనమన్నట్టు తలలూపుతున్నారు.

"లేదు" అన్నాడు. "వజూ పోయింది." నమాజ్‌కు ముందు కడుక్కుని తెచ్చుకునే శుద్ధి వజూ. గాలి పోతే అదీ పోతుంది.

"మరి ముక్కెందుకు వట్టుకున్నవ్?"

"గట్ల పట్టుకోమన్నరు పెద్దలు. నెత్తురొచ్చిందని అనుకుంటరు, మనిషి సిగ్గు దాగుతది. మీరు అడగకపోతె నేను చెప్పకపోదును. అడిగినంక ఎట్ల దాస్త?"

ఆవరణంతా నవ్వులు. బామ్మర్ది నవ్వలేదు. లేచి నిలబడి అన్నాడు, "నేను బావ ఎనుకనే ఉన్న. నాకు సప్పుడు ఇనవడలే, ఏం తెల్వలే. ఆయనకొక్కనికే తెలుసు. గమ్మున నమాజ్ జేయిస్తె ఎవడు అడుగుతడు? ఇగ ఆయన ఉండంగ నేనెట్ల సదర్ అయిత, మీరే జెప్పుర్రి."

అలా సర్దార్ సాబ్ సదర్ అయ్యాడు. ఈ భాగం ఇంతే. దీన్ని నేను చాలా చోట్ల చెప్పాను. చెప్పినప్పుడల్లా బామ్మర్ది ఏడ్చాడని కలిపాను. ఏడవలేదు. చిరాగ్గానే ఉన్నాడు.

మరుసటి వేసవికి ముందు అసలు సంగతి వచ్చింది. నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని మా కాలనీ వైపు జరుగుతూ వచ్చింది. పగటిపూట పేలుళ్లు పెట్టినప్పుడల్లా మసీదు కప్పు నుంచి సున్నం పొడి రాలేది. మూడో వరుసలో, ఎడమ పక్క ఫ్యాను కింద, కప్పుకు ఒక సన్నటి గీత పడింది. ఆయన వెదురు కర్ర తెచ్చి తట్టాడు. మళ్లీ తట్టాడు. మర్నాటి నుంచి నమాజ్ బయట, టార్పాలిన్ పరదా కింద అన్నాడు.

రంజాన్ నెల ఎండల్లో పడింది. ఉపవాసాలతో ముసలివాళ్లు పరదా కింద మాడిపోయారు. ఒక ఇంజనీరును పిలిచారు. ఆయన చూసి ఏం భయం లేదన్నాడు. సర్దార్ సాబ్ వినలేదు.

"ఆయనదే నిజం గావచ్చు. నా చెవి తప్పు గావచ్చు. గానీ అనుమానమున్న తావుల నేను బాయిల్నే ఎవ్వలిని నిలవెట్టలే. ఈడ ఎట్ల నిలవెడుత?"

గుసగుసలు మొదలయ్యాయి. కంపెనీకి ఆ జాగా కావాలి, సదర్ మెల్లగా ఖాళీ చేయిస్తున్నాడు అని. ఆ మాట అన్నది ఎదుటి పక్షంవాళ్లు కాదు. ఈద్గా నాడు తలలూపినవాళ్లే.

ఆయన మసీదు ఖాళీ చేయించిన సరిగ్గా మూడో నాడు కప్పు ధడాలున కూలింది. ఒక్క ప్రాణం పోలేదు. అందరూ ఆయన చేతులు కళ్లకద్దుకున్నారు. జనగామ బస్టాండులో, పెళ్లిళ్లలో, దవాఖాన వరండాల్లో ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ ఇలాగే చెప్పాను. విన్నవాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి.

కూలలేదు. ఆ కప్పు ఎన్నడూ కూలలేదు. కొన్నేళ్లకు వేరే చోట జాగా ఇచ్చి, పాతదాన్ని మిషనుతో పడగొట్టేదాకా అది అలాగే నిలబడి ఉంది. పడగొట్టడానికి మిషను కూడా ఆపసోపాలు పడిందట. ఆయన చెవి తప్పో, ఆయన విన్నది నిజమో ఈనాటికీ ఎవరికీ తెలియదు. నేను ఎందుకు కూల్చాను అంటే, కప్పు కూలితేనే ఆయన మంచివాడని విన్నవాళ్లు నమ్ముతారని. ఆయనకు ఆ సాక్ష్యం దొరకలేదు. దొరకనందుకు ఆయన చిన్నబుచ్చుకోవడమూ నేను చూడలేదు.

పండుగ కాగానే ఆయన్ని తీసేశారు. మర్యాదగానే తీసేశారు, టీ తాగించి. బామ్మర్దిని సదర్ చేశారు. మసీదు తలుపులు మళ్లీ తెరిచారు. బామ్మర్ది వచ్చి అడిగాడు, "బావా, నువ్వు లోపలికి రాకపోతె జమాత్ రెండు ముక్కలైతది."

"వస్త. నాకొక జాగ ఇయ్యి."

"మొదటి వరుసల నా పక్క నిలవడు."

"వద్దు. మూడో వరుస, ఫ్యాను కింద."

బామ్మర్ది ఇచ్చాడు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజ్‌కు అందరికన్నా ముందు వచ్చి ఆయన ఆ చోట కూర్చునేవాడు. మామూలు రోజుల్లో జనం మూడో వరుస దాకా వచ్చేవారు కాదు. కాలనీకి మంచి నవ్వులాట దొరికింది. "పదవి వోయింది గని గాలి దొరికింది" అన్నారు. పరదా కింద అందరినీ మాడ్చి, తాను ఫ్యాను కింద చేరాడన్నారు. టీ హోటల్లో ఆ మాటకు నేనూ నవ్వాను. ఇంకొక మాట కలిపాను కూడా. ఆయన వినే ఉంటాడు. టీ తాగి, ఎప్పటిలాగే నా గ్లాసుకు కూడా డబ్బులిచ్చి వెళ్లాడు.

వానాకాలంలో ఆయనకు జ్వరం ముదిరి దవాఖానలో పడ్డాడు. శుక్రవారం పొద్దున చూడబోయాను. చేతికి గ్లూకోజ్ సూది. మంచం మీది నుంచి గది కప్పు వైపు చూస్తున్నాడు. "తట్టి సూడమంటవా సాబ్?" అన్నాను. నవ్వలేదు. దగ్గరికి రమ్మన్నాడు.

"భాయ్, ఒక మాట మోస్తవా? మా బామ్మర్దికి."

"మోస్త."

"ఉన్నది ఉన్నట్టు మోయాలె. ఏం కలపొద్దు. గిది అమానత్."

"జెప్పు."

"ఇయ్యాల్ల నేను రాను. ఫ్యాను కింద ఎవ్వలిని నిలవడనియ్యొద్దను. తెలిసి నిలవడితె వాని ఇష్టం. తెల్వనోడు నిలవడొద్దు."

"అంటె సాబ్, ఇన్ని జుమ్మాలు నువ్వు గందుకేనా..."

"చెప్పి చెప్పి నా మాట వాళ్ల చెవులకు పాతవడ్డది. వరుసల ఖాళీ ఇడువరు, ఎవడో ఒకడు నిలవడతడు గద ఆ తావుల. నాకు ఎరుకున్నది, నేను నిలవడ్డ." కళ్లు మూసుకున్నాడు. "పో, అజాన్ అయితది."

దవాఖాన నుంచి మసీదు దాకా నడిచాను. దారి పొడుగునా ఆ మాట నోట్లో పెరగడానికి చూస్తూనే ఉంది. చావుబతుకుల్లో ఉన్నాడని కలపాలనిపించింది. కన్నీళ్లు పెట్టుకున్నాడని కలపాలనిపించింది. పళ్లు బిగపట్టుకుని నడిచాను. బామ్మర్ది మసీదు మెట్ల మీద, కొత్త కుర్తాలో, వచ్చేవాళ్లకు సలాములు చెబుతున్నాడు. ఆయన చెప్పిన నాలుగు మాటలు అదే వరుసలో చెప్పి ఊరుకున్నాను.

"గంతేనా?" అన్నాడు బామ్మర్ది, నా మొహం అనుమానంగా చూసి. "నువ్వేమన్న కలిపినవా?"

"కలపలే."

"తెలిసి నిలవడితె వాని ఇష్టం అన్నడా?"

"అన్నడు."

బామ్మర్ది లోపలికి వెళ్లాడు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. వరుసలు కుదురుకుంటున్నాయి. మూడో వరుసలో ఫ్యాను కింద చోటు ఖాళీగా ఉంది. గాలి కోసం ఒకాయన అటు జరగబోతే బామ్మర్ది భుజం పట్టి ఆపాడు. ముందు వరుస నుంచి ఎవరో పిలిచారు, "సదర్ సాబ్, నీ జాగ ఈడ!"

"ఇయ్యాల్ల ఈడ నిలవడ్త."

"ఏంది, నీకు గూడ గాలి గావాల్నా?"

నలుగురు నవ్వారు. బామ్మర్ది ఫ్యాను కిందికి వచ్చి, తలెత్తి ఆ గీతను ఒకసారి చూశాడు. చేతులు కట్టుకున్నాడు. నమాజ్ మొదలైంది. అది సాగుతుండగానే గని వైపు నుంచి పేలుడు వినిపించింది. నా కాళ్ల కింద నేల కదిలింది. బామ్మర్ది తెల్ల కుర్తా భుజం మీద సున్నం పొడి రాలింది. దులుపుకోలేదు.